ములాఖత్‌కి ముస్తాబు

తెలివి అమ్ముడుపోయే సరుకే అయితే, నత్తలపాడులో యోచనవారింటి ముందు జనం తట్టలూ బుట్టలూ పట్టుకుని బారులు తీరేవారని గంగరాజు గట్టి నమ్మకం. అసలు వాళ్ళ ఇంటిపేరు అది కాదు. ఏ పని చెయ్యాలన్నా ముందు నలుగురూ వీధి అరుగు మీద చేరి యోచన చేస్తారు కాబట్టి ఊళ్ళోవాళ్ళు ఆ పేరు తగిలించారు. తగిలించినవాళ్ళు నవ్వుకుంటూనే తగిలించారు. గంగరాజు మాత్రం దాన్ని బిరుదు కింద పుచ్చుకున్నాడు.

నలుగురంటే గంగరాజు, అతని తల్లి వీరాయమ్మ, భార్య అన్నవరమ్మ, ఒక్కగానొక్క కొడుకు పేర్రాజు.

"మాటనేది ఇత్తడి చెంబులాంటిదిరా పేర్రాజూ. అటూ ఇటూ వంచితే సొట్టపడుతుంది. ఎవరేం చెబితే అది చెప్పినట్టు చెయ్యాలి. మధ్యలో మన తెలివి కలపకూడదు. మనది అసలే ఎక్కువ తెలివి, కలిపితే పొంగిపోతుంది" అని గంగరాజు కొడుక్కి ఉగ్గుతో పాటు నూరిపోశాడు.

చెప్పడమే కాదు, చేసి చూపించేవాడు. ఒకసారి తాలూకా ఆఫీసు ముందు నుంచి నడిచి వెళుతుంటే లోపలి గుమాస్తా ఎవరితోనో "రేపు రా" అన్నాడు. గంగరాజు చెవిన పడింది. చెవిన పడ్డాక వెళ్ళకపోతే తప్పు కదా! మర్నాడు వెళ్ళాడు. "రేపు రా" అన్నారు. మళ్ళీ వెళ్ళాడు. అలా ఆ ఏడాది కోతలయ్యేదాకా వెళ్ళాడు. ఏం పని మీద వచ్చావని వాళ్ళు అడగలేదు, ఇతనికీ తెలీదు. చివరికి ఆ గుమాస్తాయే బదిలీ చేయించుకుని వెళ్ళిపోయాడు.

అయితే గంగరాజుకి ఒక్కటే దిగులు. పేర్రాజు. వాడు వీధి చివరి కొట్టుకి బెల్లానికి వెళ్ళినా సరే, గుమ్మంలో నిలబెట్టి జాగ్రత్తలు చెప్పేవాడు. కుక్క కనిపిస్తే పరిగెత్తకు. నీడ ఉన్నవైపే నడువు. ఎవరైనా తినమంటే ఒద్దను. ఎండ నడినెత్తికొచ్చి ఏ వైపూ నీడలేని రోజున పేర్రాజు గుమ్మంలోనే నిలబడిపోయేవాడు. అది చూసి తండ్రికి కళ్ళు చెమర్చేవి. ఎంత మాట వినే బిడ్డ!

ఆ మాట వినే బిడ్డకి పట్నంలో రైసుమిల్లు కాపలా ఉద్యోగం దొరికింది. మిల్లు షావుకారు తవుడుగది తాళంచెవి వాడి చేతికిచ్చి, "పొద్దుగూకగానే తాళం వెయ్యి. తెల్లారి పనివాళ్ళు వచ్చేదాకా ఎవరడిగినా తియ్యకు. ఆఖరికి నేనడిగినా సరే తియ్యకు" అన్నాడు.

పొద్దుగూకింది. పేర్రాజు తాళం వేశాడు. అప్పటికి షావుకారు తవుడు బస్తాలు చూసుకుంటూ లోపలే ఉన్నాడు. అంతే. ఆయన అరిచాడు, తలుపు బాదాడు, తిట్టాడు, బతిమాలాడు. "తమరు పరీక్ష పెడుతున్నారని నాకు తెలుసండి. నేను తీస్తానా!" అని పేర్రాజు బయట కూర్చుని నవ్వాడు. తెల్లవారి తలుపు తీసేసరికి షావుకారు ఒళ్ళంతా తవుడుతో దిష్టిబొమ్మలా బయటికొచ్చి, తిన్నగా పోలీసుస్టేషనుకి నడిచాడు.

కోర్టులో జడ్జిగారు, "ఆయన అరుపులు నీకు వినపడలేదా?" అన్నారు.

"వినపడ్డాయండి. తలుపు తియ్యమన్నారండి."

"మరి ఎందుకు తియ్యలేదు?"

"అడిగినా తియ్యొద్దని అడక్కముందే చెప్పారండి."

"మళ్ళీ ఇలాంటి పని చేస్తావా?"

పేర్రాజు కాస్త యోచించి, "ఆయన మళ్ళీ చెబితే చేస్తానండి" అన్నాడు.

ఇంకేముంది, నెల్లాళ్ళు జైలు.

యోచనవారింట్లో ఎవరూ ఏడవలేదు. "మాట కోసం జైలుకెళ్ళాడు నా మనవడు!" అని వీరాయమ్మ ఊరంతా చెప్పుకొచ్చింది. గంగరాజు మాత్రం పోలీసు వ్యాను కిటికీ పట్టుకుని దాని వెంట పరిగెత్తాడు. "ఒరే నాన్నా! ముద్ద మధ్యలో నీళ్ళు తాగకు! తడితలతో పడుకోకు! పెద్దవాళ్ళ మాట విను! నేను వచ్చి పిలిచేదాకా అక్కణ్ణుంచి కదలకు!"

"అలాగే నాన్నా!" అని లోపల్నుంచి జవాబొచ్చింది.

ఇంటికొచ్చాక గంగరాజుకి ముద్ద దిగలేదు. "అన్నవరం, కదలకు అన్నాను. అన్నం తినడానికైనా కదిలాడో లేదో" అన్నాడు.

"మీరు వెళ్ళి పిలవకపోతే వాడు ముసలాడై పోయినా అక్కడే ఉంటాడండి. వాడి సంగతి నాకు తెలీదా?"

"అందుకే వెళ్ళాలి. ఆదివారాలు ములాఖత్ ఉంటుందట. ఖైదీలని చూడనిస్తారు. కానీ జైలుకి ఏం కట్టుకెళ్ళాలి?"

మంచి ప్రశ్నే. ముగ్గురూ అరుగెక్కారు.

"మనింట్లో ఆనవాయితీ ఏంటి? కొత్త గడప తొక్కేటప్పుడు పట్టుబట్టలు కట్టాలి, ఉత్తచేతులతో వెళ్ళకూడదు" అంది వీరాయమ్మ. "జైలు గడప మన వంశంలో ఇంతవరకూ ఎవరూ తొక్కలేదు. ఇంతకంటే కొత్త గడప ఎక్కడుంటుంది?"

అంతే. గంగరాజు పెళ్ళినాటి పట్టుపంచె కట్టి, జరీ కండువా వేశాడు. అన్నవరమ్మ పట్టుచీర కట్టి, కాసులపేరు వేసుకుని, తలనిండా కనకాంబరాలు పెట్టుకుంది. వీరాయమ్మ చేతిలో పన్నీరుబుడ్డి. కావిడి నిండా మినపసున్నుండలూ, జంతికలూ. ముగ్గురూ జైలు గేటు ముందు దిగారు.

గేటు దగ్గర బుర్రమీసాల వార్డరు ఒకడు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. వీళ్ళని కిందినుంచి పైకి చూసి, "ఎవరిదమ్మా పెళ్ళి?" అన్నాడు.

"ఇంకా కుదరలేదు బాబూ" అంది వీరాయమ్మ, అతని మీద పన్నీరు చల్లుతూ. "మీ ఎరుకలో మంచి పిల్ల ఉంటే చెప్పండి. కుర్రాడు ఇప్పుడు మీ దగ్గరే ఉన్నాడు, చూసుకోవచ్చు కూడాను."

వార్డరు మొహం తుడుచుకున్నాడు. "ఇదేం చోద్యం! నగలూ, మిఠాయిలూ, పట్టుబట్టలూ ఏవీ లోపలికి రాకూడదు."

గంగరాజు తడబడిపోయాడు. ఎవరి మాటా దాటి ఎరగని మనిషి. "తప్పయిపోయిందండి. పట్టుబట్టలు రాకూడదన్నారు. మరి విప్పేసి రమ్మంటారా?"

"విప్పొద్దు!" అని వార్డరు లేచి నిలబడ్డాడు. "ఇదేమన్నా అత్తారిల్లనుకున్నారా ఇలా ముస్తాబై రావడానికి? ఆదివారం పూట ఇంట్లో ఎలా ఉంటారో అలా రండి చాలు. ఇవాళ్టికి టైమైపోయింది, పొండి!"

"అలా ముందే చెప్పాలి కదండీ" అని గంగరాజు దణ్ణం పెట్టి వచ్చేశాడు. దారిపొడుగునా ఆ మాట మరిచిపోకుండా వల్లెవేసుకున్నాడు. ఆదివారం పూట. ఇంట్లో ఎలా ఉంటారో అలా.

మళ్ళీ ఆదివారం వచ్చింది. ఆ ఇంట్లో ఆదివారం అంటే తలంటు. గంగరాజు గోచీ పెట్టుకుని, నడినెత్తి నుంచి అరికాళ్ళ దాకా నువ్వులనూనె పట్టించుకుని, పెరట్లో పీట మీద కూర్చుంటాడు. అన్నవరమ్మ చీర కుచ్చెళ్ళు ఎగదోపి, సున్నిపిండి పళ్ళెం పట్టుకుని నిలబడుతుంది. వీరాయమ్మ తలమీద కుంకుడు నురగతో, కళ్ళు గట్టిగా మూసుకుని, "నీళ్ళు పొయ్యవే, మండిపోతున్నాయి" అంటూ ఉంటుంది.

అలాగే బస్సెక్కారు.

కండక్టరు ముందు నోరు తెరిచాడు, తరవాత మూసుకున్నాడు, చివరికి వెనక సీటు చూపించాడు. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా గంగరాజు ఆ సీటు ఈ చివర నుంచి ఆ చివరకి జారిపోతున్నాడు. ఇంకో మలుపుకి తిరిగొస్తున్నాడు. అతను పీట కూడా తెచ్చుకున్నాడు. ఇంట్లో పీట మీదే ఉంటాడు మరి.

"జైలు వచ్చిందేంటే?" అంటోంది వీరాయమ్మ, కళ్ళు తెరవకుండా.

"లేదత్తయ్యా, ఇంకా రాలేదు."

"జైలు వచ్చాక నీళ్ళు పోస్తావా?"

"ఇంటికెళ్ళాకే అత్తయ్యా. ఆయన తలంటు పూర్తి చేసుకు రమ్మనలేదు కదా."

గేటు దగ్గర వార్డరు వీళ్ళని చూసి స్టూలు మీంచి లేవలేదు. లేచే ఓపిక పోయింది. లోపలికెళ్ళేవాళ్ళని తడిమి చూడటం అక్కడి పద్ధతి. సరే, తప్పదు కదా అని వార్డరు ఎలాగో లేచి గంగరాజు భుజం పట్టుకున్నాడు. జారింది. చెయ్యి పట్టుకున్నాడు. అదీ జారింది. నడుం పట్టుకోబోయి తనే జారి, గేటు ముందు నూనె మడుగులో కూలబడ్డాడు.

"కదలకుండా నిలబడవయ్యా!"

"నేను నిలబడే ఉన్నానండి. తమరే కదులుతున్నారు" అన్నాడు గంగరాజు, ఎంతో వినయంగా. అన్నవరమ్మ జాలిపడి, జిడ్డు పోతుందని వార్డరు చేతులకి సున్నిపిండి రుద్దబోయింది.

ఇంకేముంది, వార్డరు మీసాలు నిలబడిపోయాయి. "మీరు మనుషులేనా? లోపలున్న ఖైదీల్ని చూసి నేర్చుకోండి! ఉతికిన తెల్లచొక్కా, తెల్లనిక్కరు, నెత్తిన టోపీ, ఎంత మర్యాదగా ఉంటారు! వచ్చే ఆదివారం మీవాడి శిక్ష అయిపోతోంది. ఆ రోజైనా వాళ్ళలా తయారై వచ్చి తీసుకుపొండి. వాణ్ణి వదిలించుకుంటే మేం కొబ్బరికాయ కొట్టుకుంటాం!"

గంగరాజు పీట చంకన పెట్టుకుని తిరుగుబస్సెక్కాడు. దిగులుగా ఉన్నా, లోలోపల సంతోషంగానే ఉంది. చూశావా, ఇంత స్పష్టంగా చెప్పేవాడుంటే మనిషికి తప్పు చేసే అవకాశమే ఉండదు.

ఊరి దర్జీ దగ్గర కొలతలిచ్చాడు. తెల్లచొక్కా, తెల్లనిక్కరు, టోపీ.

"మరి మేమేం కట్టుకోవాలండీ?" అంది అన్నవరమ్మ.

"ఆడవాళ్ళ సంగతి ఆయన చెప్పలేదు. చెప్పనిది చెయ్యకూడదు. మీరు బయటే ఉండండి."

ఆ ఆదివారం గేటు ఎదురుగా, రోడ్డుకి ఈ పక్కన తల్లినీ భార్యనీ నిలబెట్టి, గంగరాజు జాగ్రత్తలు చెప్పాడు. "లోపల ఎంతసేపు పడుతుందో తెలీదు. తెల్లచొక్కా, టోపీ పెట్టుకుని ఎవడు బయటికొస్తే వాడే మన పేర్రాజు. నాకోసం చూడకుండా బస్సెక్కించి తీసుకుపొండి. కదలనని మొండికేస్తాడు. నేనే కదలొద్దని చెప్పాను కదా. వాడు ఏం చెప్పినా వినకండి."

"అలాగే" అన్నారిద్దరూ.

గంగరాజు రోడ్డు దాటేసరికి, బయటి బావి నుంచి నీళ్ళు మోసుకొస్తున్న ఖైదీల వరస గేటులోకి వెళుతోంది. కొత్త కాపలావాడెవడో గంగరాజుని చూసి, "ఏయ్, పక్కన నిలబడి దిక్కులు చూస్తావేం? వరసలో పద!" అన్నాడు. గంగరాజు వరసలో పడ్డాడు. ఎవరూ తడమలేదు, తిట్టలేదు. సరైన బట్టలు కట్టుకుంటే ఎంత మర్యాదో అనుకున్నాడు. వరస తోటలోకి వెళ్ళింది. తోట కాపలావాడు తోటకూర మడి చూపించి, "ఈ కలుపంతా పీకు. అయ్యేదాకా తలెత్తావంటే చూడు!" అన్నాడు.

అంతే. గంగరాజు తల దించాడు.

పీకుతున్నాడు, పీకుతున్నాడు. మనసంతా కొడుకు మీదే ఉంది. ఇంతలో మడి గట్టు మీద రెండు పాదాలు కనిపించాయి. ఎడమకాలి చిటికెనవేలు పక్కవేలు మీదికెక్కి ఉంది. గంగరాజు గుండె ఝల్లుమంది.

"ఒరే పేర్రాజూ! నువ్వేనా?"

"నేనే నాన్నా! తలెత్తి చూడు."

"ఎత్తకూడదురా. నీ పాదాలు చూస్తున్నాను కదా. చిక్కిపోయావురా. తడితలతో పడుకున్నావా?"

"లేదు నాన్నా. ముద్ద మధ్యలో నీళ్ళూ తాగలేదు. పొద్దున్నే నా బట్టలు నాకిచ్చేసి వెళ్ళమన్నారు. తోసుకుంటూ ఇక్కడిదాకా తెచ్చారు. నువ్వొచ్చి పిలవందే కదలనని ఇక్కడ నిలబడిపోయాను. ఇక తోసే ఓపిక లేదని వాళ్ళు అలా కూర్చున్నారు. వచ్చావు కదా, పిలువు."

"ఎలా పిలవనురా? నేను నీ దగ్గరికి రావాలి, వచ్చి పిలవాలి. ఈ మడి అయితేగానీ రాలేను."

"పోనీ నేను సాయం పట్టనా?"

"నువ్వు కదలకూడదు కదరా."

పేర్రాజు కాస్త యోచించాడు. "చేతులు కదపొచ్చా నాన్నా?"

గంగరాజూ యోచించాడు. "చేతుల సంగతి నేనేం చెప్పలేదు."

పేర్రాజు ఉన్నచోటే వంగి, అందినంత మేర కలుపు పీకాడు. అందనిది తండ్రి పీకాడు. నెల్లాళ్ళుగా చూసుకోని తండ్రీ కొడుకులు అలా పక్కపక్కన, ఒకడు తలెత్తకుండా, ఒకడు అడుగు కదపకుండా మడి శుభ్రం చేశారు. కలుపుతోపాటు తోటకూర కూడా శుభ్రమైంది. ఆఖరి మొక్క పీకి గంగరాజు తలెత్తాడు. కొడుకు మొహం చూశాడు. దగ్గరికెళ్ళి, "రా నాన్నా, ఇంటికెళదాం" అన్నాడు.

అప్పుడు కదిలాడు పేర్రాజు.

సరిగ్గా అప్పుడే మీసాల వార్డరు అటు వచ్చి, "నూనె మనిషి!" అని కేకేశాడు. "నువ్వు లోపలికెలా వచ్చావయ్యా? ఆ బట్టలేంటి?"

"తమరు చెప్పినవేనండి."

వార్డరు తల పట్టుకున్నాడు. "విప్పి అక్కడ పారెయ్యి! ఆ బట్టలు ఒంటిమీద ఉంటే లోపలికే, బయటికి కాదు. చేత్తో పట్టుకుని గేటు దగ్గర కనిపించావో, జైలు బట్టలు దొంగిలించావని మూసేస్తారు. తండ్రీ కొడుకులు నడవండి ఇక్కణ్ణుంచి!"

కొడుకు దగ్గరున్న తువ్వాలు చుట్టుకుని గంగరాజు బయటికొచ్చాడు. రోడ్డు పక్కన తల్లీ లేదు, భార్యా లేదు. వెళ్ళిపోయారేంటి చెప్మా అనుకున్నాడు. తెల్లచొక్కావాడు బయటికొస్తేగానీ కదలొద్దని చెప్పాడే!

ఇంటికొచ్చేసరికి పెరట్లోంచి కుంకుడు వాసన వస్తోంది. పీట మీద ఎవడో నల్లటి మనిషి తలనిండా నురగతో కూర్చుని ఉన్నాడు. అన్నవరమ్మ వాడి తల రుద్దుతోంది. దండెం మీద తెల్లచొక్కా, నిక్కరు, టోపీ ఆరుతున్నాయి.

అన్నవరమ్మ తలెత్తి, "వచ్చారా? ఈ కుర్రాడెవరండీ మీ వెనకాల?" అంది.

"పేర్రాజే!"

"మరి వీడు?"

అందరూ పీట వైపు చూశారు. పీట మీది మనిషి ఒక కన్ను తెరిచి, మంట పుట్టి మళ్ళీ మూసుకున్నాడు. "నా పేరు సోములండి. కోళ్ళు పడతానండి. పట్టినందుకే లోపలేశారండి. గేటు ముందు ఊడుస్తుంటే వీళ్ళిద్దరూ వచ్చి చెరో రెక్కా పట్టుకున్నారండి. మీవాణ్ణి కాదమ్మా, కాదమ్మా అని మొత్తుకున్నానండి."

"మీరేగా ఏం చెప్పినా వినొద్దన్నారు!" అంది అన్నవరమ్మ. "జైలు తిండికి నల్లబడ్డాడనుకున్నాను."

"ముక్కు కూడా తేడాగా ఉందంటే నేనే సర్దిచెప్పానురా" అంది వీరాయమ్మ. "నెల్లాళ్ళు ఊరు మారితే ముక్కు మారదా అని. అయినా ఇంట్లో నాటుకోడి పులుసు వండి వచ్చామనేసరికి, 'నేనే మీ పేర్రాజుని, పదండి' అన్నాడు. మనిషి మాట మనం నమ్మకపోతే ఎలా?"

గంగరాజు ఇంతవరకూ పరాయివాడి పుల్ల కూడా ఇంట్లోకి రానివ్వని మనిషి. ఇప్పుడు సర్కారువారి ఖైదీ! "ఎవరి సొత్తు వాళ్ళకి అప్పజెప్పాల్సిందే. మనిషినీ ఇచ్చెయ్యాలి, బట్టలూ ఇచ్చెయ్యాలి" అన్నాడు. కానీ తలమీద నురగతో ఉన్నవాణ్ణి ఎలా పంపుతారు? తలంటు పూర్తి చేశారు. తలంటాక కొత్తబట్టలు పెట్టడం ఆనవాయితీ. పేర్రాజు కోసం కొన్న నీలం గళ్ళచొక్కా, పంచె బొట్టు పెట్టి మరీ పెట్టేశారు. తరవాత భోజనం. సోములు కోడిపులుసు మూడుసార్లు వడ్డించుకుని, "చాలా కోళ్ళు పట్టానుగానీ, వండిన కోడి ఇన్నాళ్ళకి చేతికి చిక్కిందండి" అన్నాడు.

తెల్లవారగానే అరుగు మీద యోచన.

"తెల్లబట్టలు చేత్తో పట్టుకెళ్ళకూడదని వార్డరుగారు చెప్పారు. అంటే ఎవరో ఒకరు ఒంటిమీద వేసుకోవాలి" అన్నాడు గంగరాజు. "సోములూ, వేసుకో."

సోములు రెండు చెవులూ మూసుకున్నాడు. "ఎంత మాటండీ! పెట్టినబట్టలు రోజు తిరక్కుండా విప్పితే పెట్టినవాళ్ళ ఇంటికి అశుభం కాదండీ?"

నిజమే. వీరాయమ్మ సోములుని మెచ్చుకుంది. ఇంత ఆచారం తెలిసినవాడు కోళ్ళు ఎందుకు పడతాడో అంది. గంగరాజుకి ఆ బట్టలు పట్టవు. ఆడవాళ్ళు వేసుకోరు. ఇక మిగిలింది?

"నేను వేసుకుంటాను నాన్నా" అన్నాడు పేర్రాజు. "నాకు అలవాటే."

అంతే. నలుగురూ, సోములూ కలిసి బస్సెక్కారు. జైలు గేటు దగ్గర నానా హడావిడిగా ఉంది. ఖైదీ ఒకడు తప్పిపోయాడని వెతకడానికి మీసాల వార్డరుతో సహా అందరూ పోయారు. గేటు దగ్గర కొత్తవాడొకడే ఉన్నాడు. గంగరాజు చేతులు కట్టుకుని, "అయ్యా, తమ మనిషి పొరపాటున మా ఇంటికొచ్చాడు. భద్రంగా తెచ్చాం. తీసుకోండి" అన్నాడు.

కాపలావాడు చూశాడు. నీలం గళ్ళచొక్కాలో ఒకడు. తెల్లచొక్కా, నిక్కరు, టోపీలో ఒకడు. ఇక అడగడానికేముంది! "దొరికాడు!" అని అరిచి పేర్రాజు రెక్క పట్టుకుని లోపలికి లాగాడు. పెద్దవాళ్ళ మాట వినమని తండ్రి చెప్పాడు కాబట్టి పేర్రాజు పెనుగులాడలేదు. సోములు అందరికీ వినయంగా దణ్ణం పెట్టి, కదులుతున్న బస్సెక్కేశాడు.

గంగరాజు గుండెల మీంచి బరువు దిగింది. ఒకణ్ణి తెచ్చాం, ఒకణ్ణి ఇచ్చాం. ఇక ఎవరికీ బాకీ లేదు. గేటులోని చిన్న తలుపు మూసుకోబోతోంది. అందులోంచి కొడుకు వెనక్కి తిరిగి చూశాడు. ఆ చూపుకి తండ్రి మనసు ఆగలేదు. ఎప్పుడూ వచ్చే దిగులే వచ్చింది, ఎప్పుడూ వచ్చే మాటే నోటికొచ్చింది.

"ఒరే నాన్నా, జాగ్రత్త! తడితలతో పడుకోకు! నేను వచ్చి పిలిచేదాకా అక్కణ్ణుంచి కదలకు!"

"అలాగే నాన్నా!" అని లోపల్నుంచి జవాబొచ్చింది. తలుపు మూసుకుంది.

"బంగారంలాంటి బిడ్డ" అని గంగరాజు కళ్ళు తుడుచుకున్నాడు. తరవాత ముగ్గురూ అక్కడే రోడ్డు పక్కన కూర్చుని, వచ్చే ఆదివారానికి ఏం కట్టుకురావాలా అని యోచన మొదలుపెట్టారు.